రాడ్డు మీది పూత

తెలుగులో ‘పూత’ అనే మాటకు రెండు ముఖాలున్నాయి. మామిడిచెట్టు మీది పూత రాబోయే కాపుకు సూచన. గోడ మీద, ముఖం మీద, మాట మీద పూత మాత్రం లోపలి లొసుగును కప్పే వేషం. “అదంతా పైపూతేనండీ” అన్నామంటే నమ్మవద్దని అర్థం. ముప్పై ఏళ్ళకు పైగా వెల్డింగు తనిఖీ ఉద్యోగంలో గడిపినవాణ్ణి కనుక, ఈ రెండో అర్థం నాకెప్పుడూ కొంచెం అన్యాయంగానే తోస్తుంది. నేనెరిగిన పూత ఒకటుంది. లోపలి లోహం మంచిచెడ్డలను నిర్ణయించేది అదే, పని ముగిశాక సుత్తిదెబ్బలు తిని రాలిపోయేదీ అదే. దాని గురించి వృత్తిలో నేర్చుకున్న నాలుగు ముక్కలు చదువరులతో పంచుకుందామని ఈ ప్రయత్నం.

ఇనుప గేట్లు, కిటికీ ఊచలు చేసే దుకాణం ముందు చిన్నతనంలో ఒక్కసారైనా నిలబడనివారూ, “ఆ వెలుగు చూడకు, కళ్ళు పోతాయి” అని తిట్లు తిననివారూ మనలో అరుదు. వెల్డరు చేతిలోని హోల్డరుకు బిగించి ఉండే జానెడున్నర పుల్లను దుకాణంలో ‘రాడ్డు’ అంటారు, పుస్తకాల్లో ఎలక్ట్రోడు అంటారు. మధ్యలో ఉక్కు తీగ, చుట్టూ గట్టిపడిన పిండి లాంటి పూత, హోల్డరులో పెట్టే కొన దగ్గర అంగుళం మేర పూత లేని తీగ. దుకాణం భాషలో పన్నెండు నంబరు రాడ్డంటే 2.5 మి.మీ., పది నంబరు రాడ్డంటే 3.15 మి.మీ. ఆ లెక్క లోపలి తీగ మందానిదే. పూత మందాన్ని అందులో కలపరు.

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఒకటుంది. మామూలు ఉక్కును అతికే రాడ్లలో చాలావాటికి లోపలి తీగ దాదాపు ఒకటే. కర్బనం తక్కువగా ఉన్న మెత్తని ఉక్కు తీగ అది. ఇంటి గేటును అతికే రాడ్డుకూ, వంతెన దూలాన్ని అతికే రాడ్డుకూ మధ్య తేడా అంతా పైనున్న పూతలోనే ఉంది.

* * *

ఈ కిటుకు మన కంసాలులకు కొత్త కాదు. బంగారం అతికేటప్పుడు కంసాలి అతుకు మీద వెలిగారం పెడతాడు. ఇత్తడి గిన్నెకు కళాయి వేసే అతను తగరం రుద్దేముందు నవాసారం చల్లేవాడు. గుప్పున లేచే ఆ తెల్లని పొగ ఘాటు నా తరంవారికి ఇంకా గుర్తుండే ఉంటుంది. రెండుచోట్లా సూత్రం ఒక్కటే. వేడెక్కిన లోహానికి గాలి తగిలితే ఆమ్లజనితో కలిసి పైన పొర కడుతుంది. ఆ పొర మీద అతుకు నిలవదు. దాన్ని కరిగించి, తొలగించి, మళ్ళీ గాలి సోకకుండా కాపాడే పదార్థం ఒకటి కావాలి.

విద్యుత్తుతో అతకడం మొదలుపెట్టినవారికి ఈ సంగతి ఒంటబట్టడానికి కొన్నేళ్ళు పట్టింది. రష్యాలో బెనార్డోస్ 1880ల ప్రారంభంలో బొగ్గుకడ్డీతో విద్యుత్ చాపాన్ని పుట్టించి లోహాన్ని కరిగించాడు. 1888లో స్లావ్యానోవ్ బొగ్గు స్థానంలో లోహపు కడ్డీనే వాడాడు. కడ్డీయే కరిగి అతుకులో చేరుతుంది కనుక ఇది పెద్ద ముందడుగు. కాని ఆ కడ్డీ నగ్నంగా ఉండేది. చాపం వేడి వేల డిగ్రీలు. అంత వేడిలో కరిగిన ఉక్కు బొట్టు గాలిలోని నత్రజనినీ ఆమ్లజనినీ ఆబగా పీల్చుకుంటుంది. గట్టిపడిన అతుకు నిండా బుడగల చిల్లులు, నత్రజనితో కలిసి పెళుసెక్కిన ఉక్కు. చూడటానికి అతుకే, వంచితే మాత్రం చెరుకుముక్కలా విరుగుతుంది.

స్వీడనులో ఓడల బాయిలర్లకు మరమ్మతులు చేసే ఆస్కార్ షెల్బెర్గ్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఇనుప తీగను కార్బనేట్లు, సిలికేట్లు కలిపిన చిక్కని ముద్దలో ముంచి ఆరబెట్టాడు. దానికి పేటెంటు 1907 నాటిది. ఆయన 1904లో గోథెన్‌బర్గులో స్థాపించిన ఈసాబ్ సంస్థ పేరు నేటికీ రాడ్ల పెట్టెల మీద కనిపిస్తుంది. కొద్ది సంవత్సరాల తరువాత ఇంగ్లండులో స్ట్రోమెంగర్ అనే ఆయన తీగ చుట్టూ నీలి ఆస్బెస్టాసు నూలు చుట్టాడు. అతుకులు మెరుగయ్యాయి. ఆ నూలు ఊపిరితిత్తులను ఏం చేస్తుందో లోకానికి అర్థం కావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. 1920లో ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్‌లో రివెట్లు లేకుండా, పూర్తిగా వెల్డింగుతో కట్టిన ‘ఫుల్లగర్’ అనే ఓడ నీటిలోకి దిగింది. పూత లేని తీగతో ఆ పని అయ్యేది కాదు.

ముంచడం, చుట్టడం పోయి, 1920ల చివర యంత్రంతో పూత పూయడం వచ్చింది. మన జంతికల గొట్టాన్ని ఊహించుకోండి. పిండి ఒత్తిడితో బయటికి వచ్చే చిల్ల నడుమ నుంచి తీగ కూడా వస్తుంటే, పిండి దాని చుట్టూ సమానంగా పట్టుకుంటుంది. ఇవాళ్టి రాడ్లన్నీ ఇంచుమించు అలా ఒత్తినవే. పిండి ఒక పక్క మందంగా, ఒక పక్క పలుచగా పడిందా, మంట ఒక వైపే పోతుంది. ఎంతటి పనివాడైనా దాన్ని తిన్నగా నడపలేడు.

* * *

ఆ పిండిలో ఏముంటుంది? రుటైలు అనే టైటానియం ఖనిజం, సున్నపురాయి, ఫ్లోర్‌స్పార్, అభ్రకం, ఫెల్డ్‌స్పార్, ఫెర్రోమాంగనీసు, ఫెర్రోసిలికాన్, కొన్నింటిలో కలప గుజ్జు నుంచి తీసిన సెల్యులోజు, మరికొన్నింటిలో ఇనుప పొడి. వీటన్నిటినీ పట్టి ఉంచే జిగురు గాజునీరు, అనగా సోడియం లేదా పొటాషియం సిలికేటు ద్రావణం. ఈ జాబితా చదివినప్పుడల్లా నాకు మన భూగోళ పాఠం గుర్తుకొస్తుంది. భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం దాకా తీరపు నల్ల ఇసుకలో ఇల్మెనైటుతో పాటు రుటైలు ఉంది. గూడూరు అభ్రకం ఒకప్పుడు ఓడలెక్కి విదేశాలకు పోయింది. విజయనగరం జిల్లా మాంగనీసుకూ, గరివిడి ఫెర్రోమాంగనీసుకూ పేరుంది. ఒక్క పుల్ల మీద ఇంత నేల ఉంటుందని బడిలో ఎవరూ చెప్పలేదు.

ఒక్కో దినుసుకు ఒక్కో పని. మన ఇళ్ళకొచ్చే కరెంటు సెకనుకు యాభై ఆవృత్తులు తిరుగుతుంది. అంటే సెకనుకు వందసార్లు శూన్యాన్ని తాకుతుంది. తాకిన ప్రతిసారీ మంట ఆరిపోవాలి. ఆరకుండా మళ్ళీ అందుకునేట్టు చేసేది పూతలోని పొటాషియం, టైటానియం వంటి పదార్థాలు. సున్నపురాయి వేడికి విచ్చుకుని బొగ్గుపులుసు వాయువును వదులుతుంది, సెల్యులోజు కాలి మరికొన్ని వాయువులను వదులుతుంది. ఆ వాయువులు కరిగిన బొట్టు చుట్టూ గొడుగు పట్టి గాలిని దూరంగా నెడతాయి. అయినా చొరబడ్డ ఆమ్లజనిని మాంగనీసు, సిలికాన్ పట్టుకుని పైకి తేలుస్తాయి. ఖనిజాలన్నీ కరిగి స్లాగుగా మారి, వేడి అతుకు మీద దుప్పటిలా పరుచుకుంటాయి. దానివల్ల అతుకు నెమ్మదిగా చల్లారుతుంది, దాని రూపం కూడా ఒద్దికగా వస్తుంది. తీగ కంటె పూత కాస్త ఆలస్యంగా కరగడంతో రాడ్డు కొన దగ్గర చిన్న గిన్నె లాంటి అంచు ఏర్పడి, మంటను ఒక దిశకు మళ్ళిస్తుంది.

పూతను బట్టి రాడ్లలో కులగోత్రాలు ఏర్పడ్డాయి. అమెరికా పద్ధతిలో ‘ఈ 6013’ అని రాస్తే, మొదటి రెండంకెలు అతుకు బలం, చదరపు అంగుళానికి కనీసం అరవైవేల పౌండ్లు. చివరి అంకెలు పూత స్వభావాన్ని, వాడే తీరునూ చెబుతాయి. 6013 రుటైలు పూత రాడ్డు. సులువుగా అంటుకుంటుంది, చిమ్మదు, స్లాగు తేలిగ్గా ఊడుతుంది, అతుకు నున్నగా కనబడుతుంది. మన ఊరి దుకాణాల్లోనూ, విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేచోటా చూసేది ఎక్కువగా ఇదే. దాన్ని తక్కువ చేయనక్కర లేదు. పలుచని రేకుకూ, గేటుకూ, గ్రిల్లుకూ అదే తగినది.

6010 సెల్యులోజు పూత రాడ్డు. పూత పలుచన, వాయువు ఎక్కువ, స్లాగు తక్కువ. మంట గునపంలా లోహంలోకి దిగుతుంది. పైపులైనులో రెండు గొట్టాల మధ్య సందు అడుగున వేసే మొదటి వరుసకు దీన్ని కోరుకుంటారు. దీని పూతలో కొంత తేమ ఉండి తీరాలి. అతిజాగ్రత్తతో పొయ్యిలో పెట్టి ఎండబెడితే చెడిపోతుంది.

7018 క్షార జాతికి చెందినది. సున్నపురాయి, ఫ్లోర్‌స్పార్ ప్రధానం, దానికి తోడు ఇనుప పొడి. దీని స్లాగు గంధకాన్నీ భాస్వరాన్నీ కొంతవరకు లాగేస్తుంది. అతుకు మంచు గడ్డకట్టే చలిలో కూడా పెళుసెక్కదు. సున్నాకు 29 డిగ్రీల దిగువన దెబ్బకొట్టి పరీక్షించినా తట్టుకోవాలని ప్రమాణం. 6013కు అలాంటి షరతు లేదు. వంతెనలు, బాయిలర్లు, పీడన పాత్రలు, మందపు ఉక్కు కట్టడాలు ఈ జాతి రాడ్లతో అతుకుతారు. కాని ఈ రాడ్డు తేమను ఏ మాత్రం సహించదు.

* * *

తేమ అంటే ఎందుకంత భయమో కొంచెం వివరంగా చెప్పాలి. నీటిలో ఉదజని ఉంది. మంట వేడికి నీరు విడిపోయి, ఉదజని కరిగిన ఉక్కులో చేరుతుంది. ద్రవంగా ఉన్న ఉక్కు ఉదజనిని చాలా ఇముడ్చుకుంటుంది. గట్టిపడ్డాక అంత ఇముడ్చుకోలేదు. కొంత బయటికి పోతుంది, కొంత లోపలే చిక్కుకుని, అణువంత సందుల వెంట నడుస్తూ అతుకు పక్కన వేడికి గట్టిపడిన ఉక్కులో చేరుతుంది. మందమైన పలకలు చల్లారుతూ ముడుచుకునేటప్పుడు అక్కడే బిగువు ఎక్కువ. ఉదజని, గట్టిపడిన ఉక్కు, బిగువు, ఈ మూడూ కూడితే పగులు పుడుతుంది.

అది వెంటనే పుట్టదు. వెల్డరు సుత్తితో స్లాగు కొట్టి, బ్రష్షుతో రుద్ది, తృప్తిగా చూసుకుని ఇంటికి వెళ్ళాక, ఆ రాత్రో మరునాడో, ఎవరూ చూడని వేళ లోలోపల మొదలవుతుంది. అందుకే మందమైన ఉక్కు అతుకులను 48 గంటలు ఆగి పరీక్షించే ఆచారం వచ్చింది. క్షార పూత రాడ్ల పెట్టె మీద ‘హెచ్ 4’ అని గుర్తుంటే, వంద గ్రాముల అతుకు లోహంలో ఇలా తిరుగాడే ఉదజని 4 మిల్లీలీటర్లకు మించదని హామీ. సెల్యులోజు రాడ్డులో ఇది దానికి ఎన్నో రెట్లు. ఆ హామీ రాడ్డు పొడిగా ఉన్నంతవరకే. పెట్టె విప్పి గాలిలో ఉంచితే నాలుగు గంటలకు మించి వాడరాదని అమెరికా నిర్మాణ నియమావళి మామూలు 7018కు గడువు పెట్టింది. ఆపైన మళ్ళీ పొయ్యిలో కాల్చవలసిందే.

దాగిన పగులు ఏం చేయగలదో మెల్‌బోర్న్ నగరం చూసింది. అక్కడి కింగ్ స్ట్రీట్ వంతెన 1961లో ప్రారంభమైంది. 1962 జూలై 10న, చలి ఉదయాన, 45 టన్నుల వాహనం ఒకటి దాటుతుండగా దూలాలు విరిగి వంతెన కుంగింది. ప్రాణనష్టం జరగలేదు. విచారణలో తేలినదేమిటంటే, దూలాల అడుగున అదనపు పలకలు అతికినచోట, వెల్డు అంచున ఉక్కులో పగుళ్ళు ముందునుంచే ఉన్నాయి. ఉక్కు రసాయనం, అతికిన తీరు, తనిఖీ, అన్నింటిలోనూ లోపాలు బయటపడ్డాయి. ఈ ఉదంతం చదివిన నాటినుంచి “చూడటానికి బాగానే ఉంది కదండీ” అన్న మాట వింటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

* * *

సుమారు ఇరవై ఏళ్ళ కిందటి మాట. కోస్తాలో, సముద్రపు గాలి తగిలే చోట ఒక కర్మాగారం కడుతున్నారు. వానాకాలం. క్రేను నడిచే దూలాలకు మందమైన పలకల అతుకులు. చేసినవాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ, యాభై దాటినవాడు. 48 గంటల తరువాత అల్ట్రాసోనిక్ పరీక్షలో మూడు అతుకుల్లో పగుళ్ళు కనిపించాయి. గుత్తేదారు మనుషులు ఒక్క పూటలో తీర్పు చెప్పేశారు: చేతి తప్పు. మేస్త్రీ వెల్డరు కార్డు లాగేసుకున్నారు. కార్డు లేనిదే ఆ సైటులోనే కాదు, చుట్టుపక్కల మరే సైటులోనూ పని దొరకదు.

“నా చెయ్యి వణికితే వణికిందని నేనే చెబుతాను బాబూ. ముప్పై ఏళ్ళు ఈ రాడ్డే అన్నం పెట్టింది. వణకలేదు మరి, ఏం చెప్పమంటారు?” అన్నాడు నాతో.

పగులు ఉన్న తీరు నాకూ సందేహం కలిగించింది. చేతి తప్పయితే అతుకులో స్లాగు చిక్కుకోవాలి, లేదా అంచు సరిగా కరగకపోవాలి. ఇక్కడ అతుకు శుభ్రంగా ఉంది, పగులు దాని పక్కన ఉక్కులో ఉంది. రాడ్లు కాల్చే పొయ్యి చూద్దామని స్టోరు రేకుల షెడ్డుకు వెళ్ళాను. 7018 రాడ్లను అందులో 300 నుంచి 350 డిగ్రీల దగ్గర ఒకటి రెండు గంటలు ఉంచాలి. తలుపు తీస్తే పై అరలో రాడ్లు, కింది అరలో నాలుగు టిఫిను క్యారియర్లు. అన్నం వేడిగా ఉంటుందని అక్కడ పెట్టుకున్నారు. మాడిపోకుండా మీట వంద దగ్గరకు తిప్పి ఉంచారు. ఆ అన్నం ఆవిరంతా పైకి పోయి రాడ్లకు పడుతోంది. వంద డిగ్రీల్లో పైతేమ పోవచ్చునేమో గాని, గాజునీటి జిగురులో ఇమిడిన నీరు పోదు. రాడ్డు చేతికి వెచ్చగా తగులుతోంది కనుక, ఎండినట్టేనని అందరూ నమ్మారు.

క్యారియర్లు పెట్టుకున్నవాళ్ళ మీద నాకు కోపం రాలేదు. ఎండలో వానలో పనిచేసేవాళ్ళు అన్నం వేడిగా తినడానికి అక్కడ మరో ఏర్పాటు లేదు. ఆ ఏర్పాటు చేయనివాళ్ళే కార్డు లాక్కున్నారు, అది బాధ.

ఒక పరీక్ష చేద్దామన్నాను. అదే మేస్త్రీ, అదే పలక, అదే ముందువేడి, అదే కరెంటు. ఒక జత పలకలకు ఆ పొయ్యిలో రాడ్లు, ఇంకో జతకు 350 డిగ్రీల్లో రెండు గంటలు కాల్చిన రాడ్లు. 48 గంటలు ఆగి చూశాం. మొదటి జతలో అతుకు అంచున పగులు, రెండో జతలో ఏమీ లేదు. ఒక్క పరీక్ష చాలదని ఒకాయన అభ్యంతరం చెప్పాడు. ఆ మాటా న్యాయమే. మళ్ళీ చేయించాం. ఫలితం మారలేదు.

కార్డు తిరిగి ఇచ్చారు. పాడైన అతుకులు తవ్వి మళ్ళీ వేసింది కూడా ఆ మేస్త్రీయే. పని లేకుండా కూర్చున్న పదకొండు రోజుల కూలి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఎన్నిసార్లు రాసినా ‘చూస్తాం’ అన్నారు. అన్నం వేడి చేసుకోవడానికి వేరే పొయ్యి ఒకటి వచ్చింది. అంతవరకు సాధించగలిగాం.

* * *

పూత గురించి చెప్పవలసిన మాట మరొకటి మిగిలింది. ఆ పిండి అంతా వాయువుగానో స్లాగుగానో మారిపోతుందని పైన రాశాను. కొంత భాగం పొగగా లేచి, రాడ్డు మీద వంగి ఉన్న మనిషి ముక్కులోకి పోతుంది. అందులో మాంగనీసు ఉంటుంది, క్షార పూత రాడ్లయితే ఫ్లోరైడులు కూడా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2017లో వెల్డింగు పొగను, వెల్డింగు మంట వెలువరించే అతినీలలోహిత కిరణాలను మనుషుల్లో కాన్సరు కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ఉక్కును గాలి నుంచి కాపాడటానికి ఇన్ని దినుసులు కూర్చిన వృత్తి, మనిషిని ఆ పొగ నుంచి కాపాడటానికి ఒక్క ఫ్యాను పెట్టడానికి వెనకాడటం నేను చాలాచోట్ల చూశాను.

ఇల్లు కట్టుకునేవారు గేటుకూ మెట్ల కటకటాలకూ ఏ రాడ్డు వాడుతున్నారని దుకాణంలో అడగండి. పెట్టె చినిగి, పూత పెచ్చులూడి, తడి గచ్చు మీద పడివున్న రాడ్లు కనిపిస్తే వద్దని చెప్పండి. అలాగే, మీ పని మూసిన గదిలో జరుగుతుంటే కిటికీలు తెరిపించి, పొగ బయటికి పోయేటట్టు ఫ్యాను పెట్టించండి. ఆ కరెంటు ఖర్చు మన ఖాతాలో వేసుకుంటే తప్పు లేదు.